తాతల చిరునామాల ప్రభుదాసు

మనిషి ఎదురుపడితే బాగున్నావా అని అడగడం ప్రభుదాసుకు చేతకాదు. "మీ తాతను ఏడ బొందపెట్టిన్రు?" అని అడుగుతాడు. మహబూబాబాద్‌లో, అదే మన మానుకోటలో, ఆయన అటు నుంచి వస్తుంటే జనం ఇటు సందులోకి తిరిగేది అందుకే.

భూముల సర్వేలో కొలతల గొలుసు లాగీ లాగీ రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఇంట్లో మాట్లాడే మనిషి లేక సమాధులతో స్నేహం కట్టాడు. కనబడ్డ ప్రతి సమాధినీ ఫోటో తీస్తాడు, టేపు పెట్టి కొలుస్తాడు, మీద ఒక క్యూఆర్ స్టిక్కర్ అంటిస్తాడు. దానికి ఫోను చూపిస్తే చాలు, పోయినవారి పేరు, ఫోటో, ఎవరి కొడుకు, ఎవరికి తండ్రి, అన్నీ వస్తాయి.

ఆ స్టిక్కర్లు అచ్చేసేది తబస్సుమ్. బస్టాండు పక్కన జిరాక్సు దుకాణం ఆమెది.

"ఇంకో నలభై కొట్టు బిడ్డా."

"మొన్ననే కొట్టిచ్చుకపోతిరి గద అంకుల్!"

"సమాధుల పండుగని మా చర్చోళ్ళు అన్నిటికి సున్నమేసిన్రు. స్టిక్కర్ల మీద గూడ రెండు పూతలు! గోళ్ళతోటి గీకుతుంటే, దయ్యం వట్టిందా అని ఒకామె చీపురెత్తింది."

మరిపెడలో ఒక పెళ్ళికి పోయి, పెళ్ళికొడుకు మేనమామ పక్కన బంతిలో కూర్చుని, పప్పు వడ్డించేలోపు మూడు తరాలు రాబట్టాడు. ముత్తాత ఏ మూల పడుకున్నాడో చెప్పలేక ఆ మేనమామ పెరుగన్నం తినకుండానే లేచిపోయాడు. ఆ తర్వాత ప్రభుదాసుకు పెళ్ళి పత్రికలు రావడం తగ్గింది.

తబస్సుమ్‌నూ మొదటి రోజే అడిగాడు.

"తాత సంగతి ఇడిసిపెట్టున్రి అంకుల్. మా అబ్బాదే తెల్వదు."

తండ్రి ఫకీర్ అహ్మద్ లారీ డ్రైవరు. ఆమెకు ఆరేళ్ళప్పుడు భూపాలపల్లిలో గుండె ఆగి పోతే అక్కడే ఖననం చేశారు. రాయి లేదు, పేరు లేదు, వట్టి మట్టి దిబ్బ. ఆడవాళ్ళు ఖబ్రస్తాన్‌లోకి వెళ్ళే ఆనవాయితీ వాళ్ళింట్లో లేదు, వెళ్ళి వెతికే మగవాళ్ళూ లేరు. తల్లి కూడా పోయాక తబస్సుమ్ ఒక్కతే. షబే బరాత్‌కు అందరూ పూలు పట్టుకుని తమ పెద్దల సమాధుల దగ్గరికి వెళ్తుంటే, ఆమె షట్టరు దించుకుని కూర్చుంటుంది. తండ్రి ఎక్కడున్నాడో ఒక్కసారి తెలిస్తే చాలని ఆమె ఆశ.

ఆ మాట విని ప్రభుదాసు ఆ పేరూ, ఊరూ రాసుకున్నాడు. వారం వారం శుక్రవారం నాడు దుకాణానికి వచ్చేవాడల్లా కొన్నాళ్ళకు రావడం మానేశాడు. మొదటి వారం తబస్సుమ్ హమ్మయ్య అనుకుంది. నాలుగో వారానికి దారి చూడసాగింది. ఆమెను బిడ్డా అని పిలిచేవాడు ఆయనొక్కడే మరి.

ఎనిమిదో శుక్రవారం మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. తెర నిండా రెండు ముక్కు రంధ్రాలు.

"అంకుల్, ముక్కే కనబడ్తంది."

"కనబడనియ్యి. భూపాలపల్లిల ఉన్న. ఎనిమిది వారాల సంది నమాజు అయినంక మసీదు గేటు కాడ ముసలోళ్ళను అడుగుతున్న. ఒక్కరు చెప్పలే. ఇయ్యాల టేపు తీసి కొలుస్తుంటే, ఖబ్రస్తాన్ల ప్లాట్లు చేస్తున్నడని గల్లీ గల్లీ మీదికొచ్చింది!"

"అయ్యో! కొట్టిన్రా?"

"కాలర్ వట్టిన్రు, గంతే. నీ సంగతి చెప్పిన. కాలర్ వట్టిన ముసలాయననే మీ అబ్బాకు ఖబర్ తవ్విండంట! నేను పేరు చెప్పకముందే మానుకోట ఫకీర్ అహ్మద్ అన్నడు, దిబ్బ గూడ సూపిచ్చిండు. ఆ దినం వాన. తోటి డ్రైవర్లు లారీ మీది టార్పాలిన్ పట్టా నాలుగు దిక్కుల వట్టుకొని నిలవడ్డరంట. మీ అబ్బా మీద ఒక్క సుక్క పడనియ్యలేదంట బిడ్డా."

తండ్రి దిక్కులేకుండా పోయాడనే తబస్సుమ్ ఇన్నేళ్ళూ ఏడ్చింది.

"ఈ జాగ ఫోన్ల గుర్తు పెట్టిన, ఇగ యాడికి పోదు. నువ్వు మాట్లాడుకో. నేను ఇనను."

ఫోను దిబ్బకు ఆనించి ప్రభుదాసు పక్కకు నడిచాడు. కెమెరా తిప్పడం మాత్రం మరిచిపోయాడు. తెరలో సమాధి లేదు. పదడుగుల దూరంలో, తల మీద చేతిరుమాలు కప్పుకుని, వీపు తిప్పి, రెండు చెవుల్లో వేళ్ళు దూర్చుకుని ఆయనొక్కడే నిలబడి ఉన్నాడు.

"అంకుల్! ఫోను తిప్పున్రి!" అని అరిచింది. వినపడితే కదా.

తబస్సుమ్ చున్నీతో కళ్ళు తుడుచుకుంది. ఏడుపులోనే నవ్వొచ్చింది. తల మీదికి చున్నీ లాక్కుని, సలాం చెప్పింది.

"అబ్బా, నువ్వు నాకు కనబడ్తలేవు. నీ ముంగట ఒకాయన నిలవడ్డడు, చూస్తున్నవా? ముందుగాల గాయన గురించి చెప్త."