మనదే, వదిలేయ్

ముదిగుబ్బ బస్టాండుకు ఎదురుగా, టీ బంకు పక్కన, నాజ్ కంప్యూటర్స్ అని ఒక బోర్డుండాది. ఎండకు దాని నీలం రంగంతా పోయి తెల్లగైపోయినాది. లోపల కుర్చీలో ఉండే మనిషి మాత్రం పదిహేడేండ్ల నుంచి అదే మనిషి, కలీముల్లా. చదివింది ఇంటరు, అదీ లెక్కల పరీక్ష ఇంకా మిగిలే ఉండాది. అయినా మండలంలో ఏ బళ్లో కంప్యూటరు మొరాయించినా, ఏ ఎరువులంగట్లో తెర నల్లగైనా, ఎత్తుకొచ్చి ఆయన బల్ల మీదనే పెడతారు.

తెచ్చినోళ్లు అందరూ ఒకటే మాట అంటారు, "కలీమన్నా, శానా నిదానంగా పోతాంది, వైరస్సేమో చూడు" అని. ఆయన తొందరపడడు. మూడు మీటలు ఒకేసారి నొక్కుతాడు. కంప్యూటరు కడుపులో ఆ గడియకు నడుస్తాండే పనులన్నీ పేర్లతో వరసగా తెర మీదికి వస్తాయి. ఒకే పేరు ఇరవైసార్లు కనబడేసరికి తెచ్చినోనికి గుండె గుబేలంటాది.

"ఏమప్పా, ఈ ఎస్‌వీసీ హోస్ట్ ఏంది, ఇంతమంది ఉండారు? అంతా దొంగ నాకొడుకులేనా?"

"కాదప్పా. వీళ్లంతా విండోసు పెట్టుకున్న పనోళ్లు. అన్ని పనులుంటాయి, అందుకే అంతమంది. అయితే ఈ గుంపులోకి బయటోడు దూరి అదే పేరు చెప్పుకుంటాడు సూడు, వాణ్ని పట్టాల. పేరుదేముంది, ఎవడైనా పెట్టుకుంటాడు. వాని ఇల్లు యాడుండాదో సూడాల."

అని ఒక్కొక్క పేరు మీద కుడి మీట నొక్కి, అది ఏ ఫోల్డరులో నుంచి లేచిందో తెరిచి చూపిస్తాడు. విండోసు లోపల సిస్టం 32లో ఉంటే ఇంటి మనిషి. అదే పేరు పెట్టుకొని డౌన్‌లోడ్స్‌లోనో, టెంపులోనో పండుకొని ఉంటే దొంగ. అంతటితో విడవడు. దాన్ని లేపింది ఎవరు, దాని మీద కంపెనీ సంతకం ఉండాదా లేదా, పని చిన్నదైతే తిండి ఇంత ఎందుకు తింటాంది, అన్నీ అడుగుతాడు. గొర్రెలు మేపేటోళ్లకు ఈ పాఠం తొందరగా ఎక్కుతాది. మందలో పరాయి గొర్రె కలిస్తే మొకం చూసి కాదు గదా వాళ్లు కనుక్కునేది.

ఇంత గట్టోడు ఒక్కదాన్ని మాత్రం ఏనాడూ అడగలేదు. తెలుగు టైపింగు సాఫ్టువేరును.

ఈ తట్టు పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు కొట్టే అంగళ్లన్నిట్లో ఆ సాఫ్టువేరు ఒకరి పెన్‌డ్రైవ్‌లో నుంచి ఇంకొకరికి పోయిందే. కొన్నోడు ఎవడో దేవునికెరుక. దాన్ని ఎక్కించబోతే యాంటీవైరస్ లబోదిబోమంటాది. అది అరుస్తాదని అందరికీ తెలుసు. అందుకే ముందు యాంటీవైరస్ నోరు మూస్తారు, ఆ ఫోల్డరు తట్టు చూడొద్దని దానికి చెప్తారు, అప్పుడు ఎక్కిస్తారు. ఎవరన్నా కొత్తగా అంగడి పెట్టినోళ్లు భయపడి ఫోను చేస్తే కలీముల్లా చెప్పేది రెండే మాటలు. "మనదే, వదిలేయ్."

ఆ టైపింగు చేసేది ఆయన భార్య ఆరీఫా. టైపింగు ఒక్కటేనా! నట్టల మందు వేస్తారనీ, శెనగ విత్తనాలు ఇస్తారనీ, నీళ్ల ట్యాంకరు ఏ వీధికి ఎప్పుడొస్తాదనీ ఆటోలో మైకు పెట్టి చెప్పుకుంటా పోతారు గదా, ఆ గొంతు ఆమెదే. పదేండ్లు మండలమంతా విన్నది ఆరీఫానే. షట్టరు కిందికి లాగి, సద్దు పడుతుందని ఫ్యాను ఆపి, ఆ ఉడుకులో చెమటలు కక్కుతా చెప్పేది. కలీముల్లా పక్కన కూర్చొని రికార్డు చేసేవాడు. చెప్పడం అయిపోయినాక ఆమె ఊరికే ఉండదు, ఏదో ఒకటి అంటాది. ఆ తోకంతా కోసేసి, శుభ్రం చేసి, ఆటో మారెప్పకు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చేవాడు. అన్నీ అంగడి కంప్యూటర్లో అమ్మీ అనే ఫోల్డరులో ఉండేవి. ఆ పేరు పెట్టింది కూతురు నాజ్‌నీన్.

ఎనిమిది నెలల కిందట ఆరీఫా రొట్టెలు కాలుస్తా కాలుస్తా పడిపోయినాది. తలలో నరం చిట్లిందన్నారు. అనంతపురం చేరేలోపలే అయిపోయినాది.

కలీముల్లా ఏడవలేదు. నలభయ్యో రోజు ఫాతెహా అయినాక కూడా ఏడవలేదు. తొమ్మిదికి షట్టరు ఎత్తుతాడు, ఎవరన్నా పెడితే తింటాడు, చీకటి పడితే షట్టరు దించుతాడు. గట్టి మనిషప్పా అన్నారు ఊళ్లో. గట్టితనం కాదు, పాడూ కాదు. తిమ్మిరి పట్టిన కాలును గిల్లితే తెలుస్తుందా? అట్లుండాది ఆయనకు, ఒళ్లంతా.

నాజ్‌నీన్ అనంతపురంలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతాది. వారానికొకసారి నాయనకు ఫోను చేసి ఒకటే అడిగేది, "అబ్బా, అమ్మీ గొంతు పంపించవా? ఒక్కటన్నా పంపించు." ఆ గొంతు ఇంకెక్కడా లేదు. ఆరీఫాది బటన్ ఫోను, పెండ్లి వీడియోలో ఆమె నోరు మెదపదు. "సూస్తాలేమ్మా" అనేవాడు కలీముల్లా. ఆ ఫోల్డరు మీదికి బాణం గుర్తు తీసుకుపోయేవాడు, మళ్లీ పక్కకు జరిపేవాడు.

ఈ మధ్యలో విండోసు కొత్తగా మారి పాత టైపింగు సాఫ్టువేరు పనిచేయకుండా పోయినాది. గోరంట్లలో ఇట్లాంటి అంగడే నడిపే భరత్, కొత్త కాపీ దొరికిందన్నా అని పెన్‌డ్రైవ్‌లో వేసి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపినాడు. ఎక్కించబోతే యాంటీవైరస్ అరిచింది. ఎప్పుడూ అరిచేదే గదా. నోరు మూసి ఎక్కించినాడు.

మూడో రోజు వేరే పనికి ఆ పేర్ల వరస తెరిస్తే, అందరికన్నా పైన తెలుగు టైపింగు పేరే ఉండాది. కంప్యూటరు బలంలో సగం అదే మింగుతాంది. అక్షరాలు కొట్టే సాఫ్టువేరుకు అంత తిండెందుకు? ఇంకొకరి కంప్యూటర్లో అయ్యుంటే ఆ గడియలోనే గొంతు పట్టుకునేవాడు. పేరు సరిపోయినాది, ఫోల్డరు సరిపోయినాది. తిండి చూడమని ఊరందరికీ చెప్పిన మనిషి దాన్ని చూసి కూడా చూడనట్టు కూర్చున్నాడు. మనదే, వదిలేయ్ అనుకొని టీకి లేచిపోయినాడు. పట్టించుకునే ఓపిక ఆయనకు ఎనిమిది నెలల నుంచి లేదు, అదీ అసలు సంగతి.

గురువారం నాజ్‌నీన్ ఫోను చేసింది. "ఆదివారం వస్తాండా అబ్బా. నువ్వు పంపవు గానీ నేనే ఎక్కించుకుంటా."

శుక్రవారం పొద్దున ఎట్లనో మనసు చేసుకొని ఫోల్డరు మీద నొక్కినాడు. లోపల మూడువందల పైచిలుకు ఫైళ్లు. ఒక్కదాని పేరూ దానిది కాదు, అన్నిటి వెనకా ఏదో పిచ్చి తోక. ఏదీ తెరుచుకోలేదు. మధ్యలో ఇంగ్లీషులో ఒక చీటీ. మీ ఫైళ్లకు తాళం వేసినాం, తాళంచెవి కావాలంటే దుడ్లు పంపండి అని. కలీముల్లా నెట్టు తీగ పీకినాడు. రెండో కాపీ పెట్టుకున్న హార్డ్‌డిస్కు పెట్టె గుర్తొచ్చింది. అది కూడా అదే కంప్యూటరుకు తగిలించే ఉండాది, దాంట్లోనూ అదే చీటీ.

భరత్‌కు ఫోను చేస్తే ఏడుపు గొంతుతో పలికినాడు. "అన్నా, నాది కూడా పోయినాది. ఎవరో గ్రూపులో పెడితే మంచిదే అనుకుంటి."

"పోనీలేప్పా" అన్నాడు కలీముల్లా. కోపం రాలేదు. అదే ఆయనకు భయమేసింది. భార్య గొంతు పోయినా కోపం రాకపోతే ఇంక తనలో ఏం మిగిలినట్టు?

శనివారం మారెప్ప కొత్త ప్రకటన కోసం వచ్చినాడు. సంగతి విని కాసేపు తల గోక్కున్నాడు. "అన్నా, నువ్వు ప్రతిసారీ పాతది తుడిచి కొత్తది వేసిస్తావు గదా, నా దగ్గర యాడుంటాది?" అన్నాడు. అని ఊరికే ఉండక, ఆటోలో సీట్లన్నీ ఎత్తి, గోనెపట్టాలన్నీ దులిపినాడు. సీటు కింద దుమ్ములో ఒక పెన్‌డ్రైవ్ దొరికింది. పోయిన ఎండాకాలం పోగొట్టుకుంటినని చెప్పి మారెప్ప కలీముల్లా చేత తిట్లు తినింది దానికోసమే.

దాన్ని ఏ కంప్యూటరుకూ తగిలించనీయలేదు కలీముల్లా. మారెప్ప ఆటోలోని మైకు సెట్టులోనే పెట్టమన్నాడు, అదీ ఆదివారం, బిడ్డ వచ్చినాక.

ఆదివారం పదకొండు గంటలకు ఆటో అంగడి ముందు నిలబడినాది. నాజ్‌నీన్ ఆటోలో కూర్చొని ఫోను చేత్తో పట్టుకొనింది, రికార్డు చేసుకునేకి. కలీముల్లా గడప కాడ నిలబడినాడు. మారెప్ప మీట నొక్కినాడు.

"ముదిగుబ్బ మండల రైతన్నలకు మనవి. గురువారం పొద్దున ఏడు గంటలకు పశువుల ఆసుపత్రి కాడ మీ గొర్రెలకు, మేకలకు నట్టల మందు ఉచితంగా తాపుతారు. మరిచిపోకుండా తోలుకొని రండి."

టీ బంకు కాడ ఎవరో గ్లాసు కింద పెట్టి లేచి నిలబడినారు. ప్రకటన అయిపోయినాది. అయిపోలేదు. ఆ రోజు తొందరలో తోక కోయడం మరిచినాడు కలీముల్లా.

"ఆపినావా? ఇంకా తిరుగుతాందా? సాలప్పా, సచ్చిపోతాండా ఉడుకుకు. ఆ ఫ్యానెయ్యి. దప్పికైతాంది, రొన్ని నీళ్లు తెచ్చియ్యి."

గరగరమని సద్దు, అంతే. పదేండ్లు ఆమె తనతో మాట్లాడిన మాటలన్నీ తనే కోసి పారేసినాడు. గొర్రెల మాటలు, ట్యాంకరు మాటలు దాచిపెట్టినాడు.

నాజ్‌నీన్ కండ్లు తుడుచుకొని తలెత్తేసరికి వాళ్ల అబ్బా గడప కాడ లేడు. అంగడి లోపల ఫ్యాను తిరగడం మొదలైంది. కుండ మూత తీసిన సద్దైంది. కలీముల్లా చెంబు నిండా నీళ్లు పట్టుకొని బయటికి వచ్చినాడు. నీళ్లు తొణికి చొక్కా మీద పడతాండాయి.

"ఎవరికబ్బా నీళ్లు?" అనింది నాజ్‌నీన్.

ఆయన ఆటో తట్టు చూసినాడు, చెంబు తట్టు చూసినాడు.

"అడిగింది గదమ్మా" అని, ఆ గడప మీదనే కూలబడి బావురుమన్నాడు.