మిరపపొగలో మ్వాడిమే

మ్వాడిమే ఒకచోట కుదురుగా కూర్చోగా యాన్బు ఎడారిలోని వలసకూలీల క్యాంపులో ఎవరూ చూడలేదు. అన్నం కూడా నిలబడే తింటాడు. పొద్దంతా పైపులకు రంగు వేసి వచ్చి, ఫోన్ చేత పట్టుకుని కాలుగాలిన పిల్లిలా కంచె వెంబడి తిరుగుతాడు. కెన్యాలో అతని మొక్కజొన్న చేను అడవి అంచునే ఉంది. ఏనుగుల మందలు పెరిగాయి గాని అడవి పెరగలేదు. వాటిని చంపడం నేరం. అందుకే కంకి పాలుపోసుకునే వేళకు ఊరివాళ్లు గట్ల మీద ఏనుగు లద్దెలో ఎండుమిరపకాయలు కలిపి కాలుస్తారు. ఆ ఘాటుకు మంద తొండాలు ముడుచుకుని వెనుదిరుగుతుంది. ఈ ఏడు ఆ కాపలా అతని భార్యది, ఒంటరిగా. ఈ సంగతి వినని వాడు క్యాంపులో లేడు.

ఓ శుక్రవారం మధ్యాహ్నం వంట వంతు నిర్మల్ నుంచి వచ్చిన బుచ్చన్నది. పోపులో ఎండుమిరపకాయలు మాడి, గదంతా పొగ కమ్మింది. అందరూ దగ్గుతూ బయటికి ఉరికారు. మ్వాడిమే మాత్రం లోపలికి వెళ్లి, పొయ్యి పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.

"బయటికి రా భాయ్, ఊపిరాడక సస్తవ్!" బుచ్చన్న కంగారులో తెలుగులోనే అరిచాడు.

"ఉండనీ," వచ్చీరాని హిందీలో అన్నాడు మ్వాడిమే, చెంపల మీద నీళ్లు కారుతుండగా. "ఈ పొగ ఉన్నంతసేపూ అవి రావు."

గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కాళ్లు కదలడం మానేశాయి. సొంతూళ్లో అడవిపందులు చేలో పడకుండా మంచె మీద కాపలా కాసిన బుచ్చన్న, ముక్కుకు తువ్వాల కట్టుకుని పొయ్యి ఆర్పడానికి లోపలికొచ్చాడు. అతన్ని కాసేపు చూసి, మరో గుప్పెడు మిరపకాయలు పెనంలో వేశాడు.