మా వదిన, స్నానాలగది తలుపు

మా వదిన బట్టలు కుడుతుంది. చొక్కా చిరిగినా, సంచి జిప్పు ఊడినా వీధి వీధంతా ఆమె దగ్గరికే వస్తుంది. సుత్తి పట్టగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు. మేకు కొట్టాలంటే అన్నయ్యే కొట్టాలి. అన్నయ్య కొడితే మేకుకి తప్ప అన్నిటికీ దెబ్బ తగులుతుంది.

వాళ్ళింట్లో స్నానాలగది తలుపు నీళ్ళకి అడుగున ఉబ్బిపోయి నేలని పట్టేసేది. వాళ్ళ దగ్గరే ఉండే అమ్మ ఒకసారి లోపల ఇరుక్కుపోయింది. వదిన భుజంతో తోసి తోసి తెరిచేసరికి అమ్మ నిలువునా వణికిపోతోందట. అప్పట్నుంచి తలుపు వేసుకోవడమే మానేసింది. అందరూ బయటికెళ్ళేదాకా ఆగి, తలుపు మూసుకుపోకుండా పీట అడ్డం పెట్టి, గబగబా నాలుగు చెంబులు పోసుకుని వచ్చేసేది. ఈ వయసులో సొంత ఇంట్లో అమ్మకి ఈ సిగ్గేమిటని నాకు ఒళ్ళు మండిపోయింది.

వడ్రంగి ఎప్పుడడిగినా రేపే అనేవాడు. మేమాయనకి ‘రేపుగారు’ అని పేరు పెట్టేశాం.

ఆ ఆదివారం వెళ్ళి తెగేసి చెప్పాను. "అమ్మా, సంచి సర్దుకో. మా ఇంటికి పోదాం."

వదిన మిషన్ దగ్గర్నుంచి లేచింది. "తలుపు పడలేదని మనిషిని పంపించేస్తామా? సాయంత్రం దాకా ఆగు. అప్పటికీ నా వల్ల కాకపోతే నేనే దగ్గరుండి పంపిస్తా."

ఇనప సామాన్ల కొట్టుకెళ్ళి రంపం, చిత్రిక, స్క్రూడ్రైవర్ తెచ్చింది. చిత్రిక ఎటు పట్టుకోవాలో కొట్టువాణ్ణే అడిగిందట.

తలుపు మడతబందుల స్క్రూలు తుప్పు పట్టి ఓ పట్టాన కదల్లేదు. వదిన వాటి మీద మిషన్ నూనె చుక్కలు వేసి, కాసేపాగి, పళ్ళ బిగువున తిప్పింది. నేనూ అన్నయ్యా తలుపు దించి పడుకోబెట్టాం. వదిన టేపుతో కొలిచి, సుద్దతో గీత గీసి, రంపంతో కోసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మళ్ళీ ఎత్తి బిగించి మూశాం. ఎప్పట్లాగే పట్టేసింది!

"కొలిచే కోశానే!" అంటూ వదిన నిలబడిపోయింది. అంతలోనే నెత్తి కొట్టుకుంది. "నా మతి మండా, కుట్టుకి వదిలేశాను!"

అలవాటు కొద్దీ అరంగుళం ఎక్కువ ఉంచి కోసింది. గుడ్డయితే లోపలికి మడిచేస్తారు. తలుపునెక్కడ మడుస్తారు? అన్నయ్య పడీ పడీ నవ్వాడు.

"నవ్వింది చాలు, దించండి," అని మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకుంది.

ఎండ వాలిపోతోంది. అమ్మ సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది గానీ చూపంతా తలుపు మీదే. వదిన మిగిలిన అరంగుళం కోసి, అంచుకి చిత్రిక పట్టింది. ఇల్లంతా పొట్టు. ఈసారి బిగించాక ఒక్క వేలితో తోస్తే తలుపు తెరుచుకుంది. ముందు తనే లోపలికెళ్ళి గడియ వేసి, మళ్ళీ తీసి బయటికొచ్చింది.

"మీరు వెళ్ళండత్తయ్యా."

అమ్మ తువ్వాలు తీసుకుని వెళ్ళింది. గడియ పడింది. నీళ్ళ చప్పుడు వినిపించింది, ఆగింది. ఆ తర్వాత ఎంతసేపటికీ తలుపు తెరుచుకోలేదు. వదిన పరుగున వెళ్ళి తలుపు కొట్టింది.

"అత్తయ్యా! మళ్ళీ పట్టేసిందా?"

"పట్టలేదే," అంది అమ్మ లోపల్నుంచి. "ఇన్నాళ్ళకి తలుపేసుకున్నా. కాసేపుండనీ."

వదిన ఆ పొట్టులోనే కూలబడి ఏడ్చేసింది. అమ్మ ఇక మా ఇంటికి రాదని నాకర్థమైపోయింది.