సమ్మె టెంటులో గెజిటెడ్ సంతకం

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యోగులందరూ సమ్మెలో ఉన్న రోజుల్లోనే మా వదిన డిగ్రీకి దరఖాస్తు పెట్టవలసి వచ్చింది. ఇంటర్ కాగానే పెళ్లయి, నల్లగొండ పక్క పల్లె నుంచి ఎల్బీనగర్ వచ్చిన మనిషి. పదకొండేళ్లు గడిచాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పని. దూరవిద్యలో డిగ్రీ, తర్వాత బీఎడ్, తర్వాత టీచరు ఉద్యోగం అని ఆమె ఆశ. అడగ్గా అడగ్గా ఆదివారం క్లాసులకు వదలడానికి ఒప్పుకున్న సేటు, వచ్చే ఏడు కూడా ఒప్పుకుంటాడన్న నమ్మకం లేదు.

నేను అప్పుడే పాలిటెక్నిక్ ముగించాను. ఏ పనికైనా జాబితా రాయందే నాకు తోచదు. అసలు మెమోలు, జిరాక్సులు రెండేసి, ఫోటోలు నాలుగు. ఫారం కూడా డ్రాయింగ్ షీటు మీద రాసే అక్షరాలతో నేనే నింపాను. మిగిలింది ఒక్కటే: జిరాక్సుల మీద గెజిటెడ్ అధికారి సంతకం, ముద్ర. మూడు ఆఫీసులు తిరిగాను. మూడింటికీ తాళాలు. గడువు మర్నాటితో సరి.

"గెజిటెడోళ్లంత చౌరస్తా కాడ టెంట్లనే కూసున్నరు గద, పోదాం పా," అంది వదిన.

"పెన్ డౌన్ సమ్మె వదినె. పెన్నే ముట్టరు."

"అడుగుతె ఏం పోతది?"

టెంటులో పూలదండలతో నిరాహార దీక్షలో కూర్చున్నవాళ్లలో మొదటి ఆయన జూనియర్ కాలేజీ లెక్చరర్. మా కాగితాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "సంతకం పెడితె డ్యూటీ జేసినట్టే గద తమ్మీ!"

వదిన ముందుకు జరిగింది. "సార్, మన నౌకర్లు మనకే అంటున్నరు. గా నౌకరి నాకొద్దా? డిగ్రీ లేకుంటె ఎవలిస్తరు?"

టెంటంతా నవ్వింది. "మైకియ్యుర్రి ఆమెకు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

లెక్చరరూ నవ్వాడు. "పెడుదును చెల్లే. ముద్ర కాలేజీ బీరువల ఉన్నది. తాళం మేమే ఏసినం."

"ఇటు దే బిడ్డా," అంది ఆయన పక్కనున్న పెద్దావిడ, ఒక హైస్కూలు హెడ్మిస్ట్రెస్. హ్యాండ్‌బ్యాగులోంచి ముద్ర, పచ్చ సిరా పెన్ను తీసింది. "ముద్ర సంచిలనే ఉంటది. పెండ్లికి వోయినా ఇడువరు జనం."

ఒక్కో జిరాక్సును అసలుతో పోల్చి సంతకం పెడుతూ, ఇంటర్ మెమో దగ్గర ఆగింది. "లెక్కలల్ల డెబ్బై అయిదుకు డెబ్బై రెండా? మరి ఫారంల బీఏ ఏంది?"

"మా మర్ది రాసిండు మేడం. పెండ్లయినోళ్లకు గదే అల్కగైతదన్నడు."

నిజమే, నేనే అలా అన్నాను. ఆ మెమోలో పేరు, హాల్‌టికెట్ నంబరు, సీలు రెండేసి సార్లు సరిచూశాను. మార్కులు మాత్రం చదవలేదు.

"నీకేం సదువాల్నని ఉన్నది?"

"లెక్కలే మేడం." ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నంత వేగంగా చెప్పింది.

బస్సుల్లేవు. సంతకాలయ్యాక కొత్త ఫారం కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాం.

"ముందే చెప్పొద్దా వదినె?"

"అంత సక్కగ రాసినవ్. చెడగొట్టబుద్ధి గాలే."

నేను నింపిన ఫారాన్ని మడత పెట్టాను. ఆమె దుకాణం కబుర్లు చెబుతూ నడిచింది.

ఫారాలమ్మే జిరాక్సు షాపు ఆయనది గుంటూరు వైపు. "రేపే ఆఖరు కదండీ. తప్పు పోతే కష్టం, రెండు తీసుకోండి," అన్నాడు.

నేను జేబులో చెయ్యి పెట్టేలోపే వదిన, "ఒక్కటి సాలన్నా," అంది.

గాజు కౌంటరు మీద పెట్టి, నిలబడే నింపింది. అక్షరాలు చిన్నవి, గడుల్లో ఒక పక్కకు ఒరిగాయి. కోర్సు గడిలో బీఎస్సీ అని, దాని కింద లెక్కలు అని రాసి, సిరా ఆరేదాకా మెల్లగా ఊదింది.