కొసరు రక్తం

బరంపురంలో డాక్టరుతో బేరమాడి రక్తం ఎక్కువ ఎక్కించిన మొనగాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆయన రెండు బాటిళ్లన్నాడు, నేను మూడు చేయించాను. పప్పులూ నూనెలూ అమ్మే కొట్లో పెరిగినవాణ్ణి. తూకం అయ్యాక పైన పిడికెడు కొసరు పడందే సంచి మూతి కట్టనివ్వని ఇల్లు మాది.

గంజాం నుంచి బైకు మీద వస్తున్న తమ్ముణ్ణి లారీ గుద్దింది. తొడ ఎముక విరిగి రక్తం చాలా పోయింది. తీసుకున్న రక్తానికి బదులు రక్తం ఇప్పించమని ఆసుపత్రిలో అడిగితే మా బజారంతా కదిలింది. ఆరుగురు షాపులు వదిలి వచ్చి చొక్కా చేతులు మడిచారు. రెండు బాటిళ్లు ఎక్కేసరికి తమ్ముడి పెదాలకు రంగొచ్చింది.

"రక్తం కారడం ఆగింది. ఇక చాలు" అన్నాడు చిన్న డాక్టరు.

ఆరు ఇచ్చి రెండు పుచ్చుకోవడం నాకు మింగుడుపడలేదు.

"బాబూ, మావోళ్లు ఆరుగురు ఇచ్చినారు. ఇంకొక్కటి ఎయ్యండి. రేపు ఆపరేషన్ కదా, బలముంటాది."

"అక్కర్లేని రక్తం బలం కాదండీ. అరుదుగానైనా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి."

"దెబ్బ తగిలింది కాలికండీ. ఊపిరితిత్తులతో ఏటి సంబంధం?"

అరగంట వదల్లేదు. రిపోర్టులో హిమోగ్లోబిన్ అంకె కూడా అటూ ఇటూగా ఉండటంతో చివరికి ఆయన మూడోది రాశాడు. నేను గెలిచినట్టు తమ్ముడి మంచం పక్కనున్న మరదలి వైపు చూశాను.

"మీరు యముడితో కూడా బేరమాడతారు బావగారూ" అంది. అప్పటికింకా ఆమెకు నవ్వు వస్తోంది.

మూడోది సగం దిగిందో లేదో తమ్ముడు మెడ పైకెత్తి గాలి కోసం నోరు తెరిచాడు.

"అన్నయ్యా, ఊపిరాడ్డం లేదు."

నర్సు పరుగున వచ్చి బాటిల్ ఆపేసింది. అతని నోటి నుంచి ఎర్రటి నురగ వచ్చింది. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా కనిపించాయి. గొట్టం వేసి శ్వాస మిషన్ మీద పెట్టారు.

గ్రూపు సరిపోయినా ఒక్కోసారి ఇచ్చినవాళ్ల రక్తంలో పుచ్చుకున్నవాళ్లకు పడనిదేదో ఉంటుందట. దాంతో ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుందట.

"ఏ బాటిల్ వల్ల?" అని అడిగాను.

"చెప్పలేం. ముందు రెండింటి వల్లైనా కావచ్చు. బ్లడ్ బ్యాంకుకు రాశాం" అన్నాడు చిన్న డాక్టరు.

ఆ 'కావచ్చు'ను పట్టుకుని వేలాడాను. మరదలు "డాక్టరుగారు ఏటన్నారు?" అంటే "రక్తం పడలేదంట" అని ఊరుకున్నాను. రక్తమిచ్చిన ఆరుగురిలో బట్టల షాపాయన ఫోన్ చేశాడు.

"నా రక్తమేటి కాదు కదా? సెప్పు, నాకు అన్నం దిగడం లేదు."

"మీది బ్యాంకులోకి ఎల్లిపోయింది. వీడికి ఎక్కించింది వేరేవాళ్లది."

ఆయన భయం తీర్చడం తేలిక. నా భయం అడిగేవాడు లేడు. అద్దం అవతల తమ్ముడి ఛాతీ మిషన్ చెప్పినట్టు లేస్తూ పడుతూ ఉంటే, లేచినప్పుడల్లా లెక్కపెట్టుకునేవాణ్ణి. నాలుగో రోజు గొట్టం తీశారు. తమ్ముడు సొంతంగా దగ్గాడు. అంత మంచి దగ్గు నేనెప్పుడూ వినలేదు.

కాలి ఆపరేషన్ అయి, ఇంటికి పంపే రోజు బిల్లు మరదలి చేతికొచ్చింది.

"ఈ మిషన్ నాలుగు రోజులు దేనికి రాసినారు బావగారూ? మనకి తగిలింది కాలి దెబ్బ కదా?"

తగ్గించమని అడగడానికి కౌంటర్ వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాను.

"కాలూ, అందులో వేసిన రాడ్డూ, ముందు రెండు బాటిళ్లూ లారీ వల్లనమ్మా. మిషన్ దేనివల్లో డాక్టరుకీ తెలీదు. మూడో బాటిల్ మాత్రం ఆయన వద్దన్నాడు. రాయించింది నేనే."