ఏడ్వొద్దన్న నెల

కంట్లో వేసుకున్న మందుచుక్క గొంతులోకి జారి చేదు తగిలితే చాలు, నాకు లచ్చవ్వ గుర్తొస్తుంది. కొడిమ్యాలలో మా పక్కింటి మనిషి. ఊళ్లో ఎవరు గల్ఫ్‌కు బయల్దేరినా ముందు కబురు వెళ్లేది ఆమెకే. వెళ్లేవాణ్ణి పట్టుకుని, వాడి పుట్టుక నుంచి వీసా దాకా రాగం తీసి ఏడ్చేది. ఆమె ఏడవకుండా ఆటో కదిలితే ఆ ఇంటికి నామోషీ. కన్నతల్లి ఏడుపు కూడా ఆమె ముందు దిగదుడుపే.

అలాంటి మనిషికి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఇంకా ముదిరితే చూపు మొత్తానికే పోతుందని జగిత్యాల డాక్టరు గట్టిగానే చెప్పారు. ఆపరేషన్ చేయించుకొమ్మని నేను రోజూ పోరేదాన్ని.

"ఆపరేషనైతే నెల దాక ఏడ్వద్దంటరు బిడ్డా. వచ్చే వారం ఎల్లయ్య కొడుకు మస్కట్ పోతుండు. ఎవలేడుస్తరు, నువ్వా?"

"నాకు రాదవ్వా."

"మరింకేంది. నువ్వేడిస్తె సర్ది పట్టినట్టుంటది."

ఆ వారం రానే వచ్చింది. లచ్చవ్వ ఆటో దగ్గరికి వెళ్లి, అక్కడ నిలబడ్డ మనిషిని గట్టిగా వాటేసుకుంది. "దేశం గాని దేశం పోతున్నవా కొడుకా, నీకు బుక్కెడు బువ్వ ఎవలు పెడ్తరు కొడుకా" అని రాగం ఎత్తుకుంది. అతను పాపం కాసేపు ఓపిక పట్టాడు.

"అవ్వా, నేను డ్రైవర్ను. జగిత్యాల దాకనే పోత. పొద్దుగూకేవరకు మల్లస్త."

ఎల్లయ్య కొడుకు అప్పటికే ఆటోలో కూర్చుని ఉన్నాడు. ఏడవాల్సిన వాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. లచ్చవ్వకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని మా గుమ్మంలో నిలబడింది. "నడువ్ బిడ్డా, దవాఖానకు."

ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. నెల తిరగకముందే మా ఆయనకు దుబాయ్ వీసా వచ్చింది. ఉన్న రెండు బోర్లూ ఎండాక మాకు వేరే దారి లేదు. ఆయన వెళ్లే రోజు లచ్చవ్వ నల్లద్దాలు తీసి, ఆయన గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది. ఒక్క చుక్క రాలలేదు. నాకు ఒళ్లు మండింది. ఊరందరి కోసం ఏడ్చిన మనిషి, నా మొగుడి దగ్గరికి వచ్చేసరికి డాక్టరు మాట వినాలా? ఆటో వెళ్లాక అడిగేశాను.

"గింతమందిని సాగనంపిన గని, ఏడ్సుకుంట ఒక్కని మొకం సక్కగ సూడలే బిడ్డా. కొందరు మల్ల రానే రాలే. గా మొకాలు యాదికి వస్తలేవు. నీ పెనిమిటిది సూసిన. పొద్దుగాల గడ్డం గీసుకున్నప్పుడు దవడ మీద గాటు వడ్డది. నువ్వు సూసినవా?"

నేను చూడలేదు. ఆయన వైపు తిరిగినప్పుడల్లా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఆయన సెలవు ముగిసి బయల్దేరిన ప్రతిసారీ ఇప్పుడు ముఖం కళ్లారా చూస్తాను. ఏడుపు, ఆటో మలుపు తిరిగాక.