మా నాయిన చదవాల్సిన పేపరు

ఆఖరి రోజు మధ్యాహ్నం రెండు గంటలకు నా భార్య సుగుణ కళ్ళు తెరిచింది. సూర్యాపేట దవాఖానలో, కిటికీ పక్క మంచం. దూదితో నోరు తడిపాను.

"అన్నకు చెప్పినవా?" అంది.

"చెప్పిన. బస్సుల ఉన్నడు" అన్నాను.

చెప్పలేదు. ఫోన్ నా జేబులోనే ఉంది. వాళ్ళన్న ఉండే కోదాడ నుంచి గంట దారి. ఆమె రెండు మూడుసార్లు తలుపు వైపు చూసింది... సాయంత్రం అయిదున్నరకు పోయింది.

మా చిన్నప్పుడు... మిర్యాలగూడలో మా ఇంటికీ సుగుణ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. వాళ్ళన్న శంకర్, నేను ఒకే తరగతి. మా నాయిన, వాళ్ళ నాయిన ఒకే రైస్ మిల్లు. మా నాయిన గుమస్తా, వాళ్ళ నాయిన కాంటా దగ్గర. పార్టీలు మాత్రం వేరు. ఎలక్షన్లొస్తే ఆ గోడకు ఇటొక జెండా, అటొక జెండా.

మిల్లు గేటు పక్కన చాయ్ హోటల్. పొద్దున్నే రెండు పేపర్లు వచ్చేవి. ఒకటి ఒక పార్టీని మోసేది, ఇంకొకటి రెండో పార్టీని. హమాలీల్లో చదువొచ్చినవాళ్ళు తక్కువ. లోడుకు లారీ వచ్చేదాకా గోనె సంచుల మీద కూర్చుని పేపర్ చదివించుకునేవాళ్ళు.

వాళ్ళు పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. ఏ పార్టీ మనిషైనా ఎదుటి పార్టీ పేపరే చదవాలి. తన పేపర్ ముట్టుకోవద్దు. ఎవరిది వాళ్ళు చదివితే సొంతంగా నాలుగు మాటలు కలుపుతారని వాళ్ళ అనుమానం. ఎదుటివాడిది చదివితే కలపడు. మింగేస్తాడేమో చూసుకోవాలి, అంతే...

అట్లా మా నాయిన రోజూ తనకు గిట్టని నాయకుడి ఉపన్యాసం పైకి చదివేవాడు. నీరసంగా చదివితే హమాలీల పెద్ద ముత్తయ్య ఊరుకునేవాడు కాదు.

"ఏం సాబ్, సావు కబురు చెప్పినట్టు సదువుతున్నవ్? ఆయన గట్లనే మాట్లాడిండా? మళ్ళ మొదటికెల్లి సదువు."

అందరూ నవ్వేవాళ్ళు. నాయిన మూతి ముడుచుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. సుగుణ వాళ్ళ నాయిన వంతు వస్తే మా నాయిన నవ్వేవాడు. రెండు పేపర్లూ అయిపోయాకే వాదన. అప్పుడు లేచేవి గొంతులు... రోడ్డు అవతలికి వినబడేవి.

అప్పుడంతా మంచిగుండేదని చెప్పను. ఒక ఎలక్షన్లప్పుడు ఊరేగింపులో మా నాయిన పార్టీ వాళ్ళు మిల్లు హమాలీ ఒకతన్ని కట్టెలతో కొట్టి చెయ్యి విరగ్గొట్టారు. తెల్లారి వార్త వచ్చింది. వచ్చింది ఎదుటి పార్టీ పేపర్లో. అంటే చదవాల్సింది మా నాయినే.

ఆరోజు బడి లేదు. సుగుణ వాళ్ళ నాయినకు సద్ది తెచ్చి, మా నాయిన వెనక నిలబడి పేపర్లోకి తొంగిచూస్తోంది. పదేళ్ళుంటాయి. నాయిన సగం చదివి కింది వార్తకు పోయాడు.

"మామా, కొట్టినోళ్ళ పేర్లు ఇడిసిపెట్టినవ్" అంది.

ఎవరూ నవ్వలేదు. "నువ్వు ఇంటికి పో బిడ్డా" అన్నాడు వాళ్ళ నాయిన. ముత్తయ్య మాత్రం మెల్లగా, "సదువు సాబ్" అన్నాడు.

నాయిన చదివాడు. నాలుగు పేర్లు. రెండోది మా చిన్నాయనది. గొంతు మారలేదు.

ఆ మధ్యాహ్నం మా నాయిన, వాళ్ళ నాయిన ఆ హమాలీని చూడటానికి దవాఖానకు పోయారు. దారిలో ఒక్క మాట మాట్లాడుకోలేదట. కానీ కలిసే పోయారు.

పెళ్ళయ్యాక నేను, సుగుణ సూర్యాపేటకు వచ్చాం. నాకు కాలేజీలో ఉద్యోగం. శంకర్ కోదాడలో విత్తనాల దుకాణం పెట్టాడు. రాకపోకలు బాగానే ఉండేవి. తర్వాత ఫోన్లు వచ్చాయి. వాడి ఫోన్లో వాడికి నచ్చినవే, నా ఫోన్లో నాకు నచ్చినవే. వాడి ఛానెల్ నేను అయిదు నిమిషాలు చూడలేను. నాది వాడు రెండు నిమిషాలు.

మొన్నటి ఎలక్షన్లప్పుడు ఇంటి గ్రూపులో వాడొక వీడియో పెట్టాడు. "ఎంతకు అమ్ముడుపోయినవ్?" అని రాశాను. వీడియో చూడకుండానే రాశాను. "ఇగ నీ గడప తొక్క" అని వాడు రాశాడు. బ్లాక్ చేశాను.

సుగుణ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు అన్నం వడ్డిస్తూ అంది, "రేపు నేను సస్తే నీ టీవీలోడు వచ్చి మోస్తడా?"

అప్పటికి జబ్బు సంగతి మాకు తెలియదు.

సుగుణ పోయిన కబురు ఎవరో చెబితే శంకర్ వచ్చాడు. పాడె ముందువైపు పట్టింది వాడే. కాష్టం దగ్గర్నుంచి తిరిగి వస్తుంటే నా పక్కకు వచ్చి, నా ముఖం చూడకుండా అడిగాడు.

"బావా... నన్ను యాదిజేసిందా?"

"మాట పడిపోయింది" అన్నాను.

తలూపి ముందుకు నడిచాడు. దినాలకు వచ్చి, అన్నం తినకుండానే పోయాడు.

అడిగిందని చెబితే, నేను ఫోన్ చేయలేదని కూడా చెప్పాలి. అందుకే చెప్పలేదు. ఇంకో కారణం వెతికాను... దొరకలేదు.

ఈ పోస్టు వాడికి కనబడదు. బ్లాక్ ఇంకా తీయలేదు. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట వాడు ఇక్కడ చదవకూడదు.

నచ్చని మాటను గొంతెత్తి చదివిన మనుషుల మధ్య పెరిగాం మేం. ఇప్పుడు నచ్చని మనిషి పేరు కూడా కంటికి కనబడకుండా చేసుకోవచ్చు. వేలితో ఒక్కసారి నొక్కితే చాలు...

మీ ఊళ్ళో పేపర్ ఎవరు చదివి వినిపించేవాళ్ళు? రాయండి. ఏ పార్టీ అని మాత్రం రాయొద్దు.

రేపు పొద్దున మొదటి బస్సుకు కోదాడ పోతున్నాను. దుకాణం తెరవకముందే శంకర్ ఇంటికి చేరాలి. సుగుణకు చెప్పిన అబద్ధం, వాడికి చెప్పిన అబద్ధం... రెండూ వాడికి చెప్తాను.